మాగాణి మినుము పోయి మొక్కజొన్న వచ్చాక: యూరియా వరసలు, గల్ఫ్ గ్యాసు, బర్మా మినుములు

(ఒక వేదికలో జరిగిన చర్చ ఇది. ప్రతి భాగం పైన ఉన్నది రాసినవాళ్ల మారుపేరు.)

డెల్టా చివరాయకట్టు

సొసైటీ ముందు యూరియా వరస, దాని ఫొటో, కింద "అంతా బ్లాకుకి పోయింది" అన్న తిట్లు. ఏటా ఇదే తంతు. బ్లాకు లేదని నేననను. కానీ గుంటూరు, బాపట్ల, కృష్ణా జిల్లాల మాగాణుల్లో రెండో పంటకు ఇంత యూరియా ఎందుకు కావాల్సొస్తోందో ఎవరూ అడగరేం?

ఒకప్పుడు తెనాలి, దుగ్గిరాల, రేపల్లె వైపు వరి కోతకు ముందే మినుము చల్లేవాళ్లు. నేలలో మిగిలిన పదునుతోనే పంట. దుక్కి లేదు, కాలువ నీళ్ల పని లేదు, యూరియా బస్తా అసలే లేదు. ఇప్పుడు అదే చేలో దున్నకుండా వేసే జీరో టిల్లేజ్ మొక్కజొన్న. రబీ హైబ్రిడ్‌కి ఎకరాకు సిఫార్సు చేసిన నత్రజనే 80 నుంచి 96 కిలోలు. 45 కిలోల బస్తాలో ఉండేది 20.7 కిలోలు. అంటే సిఫార్సు ప్రకారం వేసినా నాలుగు నుంచి నాలుగున్నర బస్తాలు. చాలామంది ఆరు బస్తాలకు తగ్గరు.

దేశంలో ఏటా సుమారు 300 లక్షల టన్నుల యూరియా తయారవుతోంది. వాడకం దాన్ని ఎప్పుడో దాటేసింది, మిగతాది ఓడల్లో రావాలి. ఇక్కడ తయారైన దానికి కూడా ముడిసరుకు సహజవాయువు, అందులో పెద్ద వాటా దిగుమతిదే. మనం వదిలేసిన మినుములేమో మయన్మార్ నుంచి వస్తున్నాయి. 2021లో సైనిక తిరుగుబాటు జరిగిన దేశం నుంచి, అదే ఏడాది కుదిరిన ఒప్పందం ప్రకారం ఏటా రెండున్నర లక్షల టన్నులు తెచ్చుకుంటామన్నాం. దేశ భద్రత అంటే సరిహద్దులో తుపాకులే కాదనుకునేవాళ్లు ఈ లెక్క చూడండి. చేలో పంట మారింది ఒక్కటే, కానీ రెండు చోట్ల ఇతరుల మీద ఆధారపడ్డాం.

దీన్ని వెనక్కి తిప్పడానికి ఏ విధానం పనికొస్తుంది? తెలిసినవాళ్లు లెక్కలతో రాయండి. పార్టీల గొడవ వద్దు.

గోదాము లెక్కలు

గ్యాసు సంగతి ముందు తేల్చుకుందాం, మిగతావన్నీ దాని మీదే నిలబడ్డాయి.

టన్ను యూరియాకు మంచి ప్లాంటులో సుమారు 5.5 గిగా కేలరీల శక్తి పడుతుంది. ఘనపు మీటరు గ్యాసుకు 9,000 కిలో కేలరీలు వేసుకుంటే 610 ఘనపు మీటర్లు. బస్తాకు దాదాపు 27 ఘనపు మీటర్లు, ద్రవరూపంలో తూస్తే సుమారు 20 కిలోల ఎల్‌ఎన్‌జీ. పాత ప్లాంట్లలో ఇంకాస్త ఎక్కువ. ఆ ఎల్‌ఎన్‌జీలో మనకు పెద్ద సరఫరాదారు ఖతార్. ఏడాదికి 75 లక్షల టన్నుల ఒప్పందం 2028 దాకా ఉండేది, 2024 ఫిబ్రవరిలో దాన్ని 2048 దాకా పొడిగించారు. ఆ ఓడ ప్రతిదీ హార్ముజ్ జలసంధి దాటే రావాలి.

2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ కొట్టుకున్నప్పుడు ఇజ్రాయెల్ గ్యాసు ఆగి ఈజిప్టులో యూరియా ప్లాంట్లు మూతపడ్డాయి. వాళ్ల యుద్ధం మన టెండరు ధరల మీద కనిపించింది. చైనా 2021 అక్టోబరు నుంచి ఎరువుల ఎగుమతుల మీద ఆంక్షలు పెడుతూ, సడలిస్తూ, మళ్లీ పెడుతూ వస్తోంది. 2023 చివరి నుంచి ఎర్ర సముద్రంలో దాడులు, ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి రావడం. ఇన్ని కుదుపుల్లో ఏ ఒక్కటీ మన పంట కాలెండరు చూసుకుని రాదు.

ఇక ఊళ్లో కొరత ఎలా పుడుతుందో చూడండి. టెండరు పిలిచాక సరుకు మన రేవుకు చేరేసరికి నెలన్నర ఎటూ పడుతుంది. కాకినాడలోనో గంగవరంలోనో బస్తాలకెత్తి రైలు రేకుల్లో, అంటే గూడ్సు రైళ్లలో పంపుతారు. ఒక రేకు దాదాపు 2,600 టన్నులు, అంటే సుమారు 58 వేల బస్తాలు. ఎకరాకు ఆరు బస్తాల లెక్కన 9,600 ఎకరాలకు సరిపోతుంది. ఒక్క రేకు వారం ఆలస్యమైతే అన్ని ఎకరాల్లో పైపాటు ఎరువు (పంట ఎదిగేటప్పుడు దఫాలుగా పైన వేసేది) అదను తప్పుతుంది. ఆ భయంతో రెండు దఫాలది ఒకేసారి కొనేస్తారు. నిజమైన కొరత పది శాతం ఉంటే వరసలో కనిపించేది యాభై శాతం. ఈ సందులోనే లింకు అమ్మకాలు: యూరియా కావాలంటే ఈ సీసా కొను, ఈ జింకు ప్యాకెట్టు కొను అనడం. ఎరువుల నియంత్రణ ఉత్తర్వుకు అది పూర్తిగా విరుద్ధం. బిల్లు అడిగితే సగం మంది డీలర్లు వెనక్కి తగ్గుతారు, అడగండి.

పెనమలూరు బ్రో

చిన్న డౌటు అన్నా. పెట్రోలుకి విశాఖలో భూమి కింద నిల్వలున్నాయంటారు కదా. యూరియాకి అలా ఎందుకు పెట్టరు?

గోదాము లెక్కలు

విశాఖలో రాతి గుహల్లో 13.3 లక్షల టన్నుల ముడిచమురు నిల్వ సామర్థ్యం ఉంది నిజమే. మంగళూరు, పాదూరులోనూ ఉన్నాయి. యూరియాతో చిక్కేమిటంటే అది గాలిలో తేమను పీలుస్తుంది. 30 డిగ్రీల దగ్గర గాలిలో తేమ 75 శాతం దాటితే గుళిక చెమ్మగిల్లి, తర్వాత గడ్డ కడుతుంది. మన కోస్తాలో ఆగస్టు నుంచి నవంబరు దాకా చాలా రోజులు అంతకు పైనే. చెక్క పలకల మీద వేసి, గోడకు ఎడంగా పేర్చి, టార్పాలిన్ కప్పితే ఒక సీజను ఆగుతుంది. రెండేళ్లు నిల్వ అంటే కుదరదు.

పొటాష్ అలా కాదు, పొడిగా ఉంచితే ఏళ్ల తరబడి ఉంటుంది. రాక్ ఫాస్ఫేట్ రాయే, గంధకం కూడా చెడదు. మన పొటాష్ మొత్తం దిగుమతే, రష్యా, బెలారస్, కెనడా, జోర్డాన్, ఇజ్రాయెల్ నుంచి. వ్యూహాత్మక నిల్వ అంటూ పెడితే ముందు పెట్టాల్సింది దాన్ని. నత్రజనిని మాత్రం గోదాములో దాచడం కష్టం.

లాం రోడ్డు

నత్రజనిని గోదాములో దాచలేం, పప్పు పంట వేర్ల బుడిపెల్లో మాత్రం ఉచితంగా తయారవుతుంది. చివరాయకట్టు గారు అడిగింది అదే. కాకపోతే ఈ వేదికలో చాలామంది మినుము ఎందుకు పోయిందో తప్పుగా చెబుతున్నారు. రైతు అత్యాశ అని తేల్చేయడం తేలిక. అసలు కారణాలు మూడు నాలుగు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

మొదటిది కోత మిషన్. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు మినుము చల్లితే, మనిషి కోసి పనలేసిన రోజుల్లో మొలక దెబ్బతినేది కాదు. చెయిన్ మిషన్ దిగితే గొలుసు కింద మొలకలు నలుగుతాయి, పదును ఎక్కువున్న చోట గాళ్లు పడతాయి, మిషన్ వెనక వదిలే గడ్డి వరస కింద మొలకే రాదు. కూలీలు దొరకరు కాబట్టి మిషన్ మానమని చెప్పలేం.

రెండోది పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. ఎంతో పేరున్న మినుము రకం ఎల్‌బీజీ 752 దానికి లొంగిపోయింది. ఎకరాకు ఆరు క్వింటాళ్లు రావాల్సిన చోట రెండు వస్తే ఎవరు మాత్రం వేస్తారు?

మూడోది బంగారు తీగ, పంట మొక్కకు చుట్టుకుని దాన్ని పీల్చి బతికే కలుపు. ఒకసారి చేలో పడితే దాని గింజ నేలలో ఏళ్ల తరబడి నిద్రపోతుంది. ఎక్కువగా వచ్చేది విత్తనంలో కలిసే.

అన్నిటికంటే పెద్దది తేదీ. ఇక్కడ వేసే వరి రకం బీపీటీ 5204 పంట కాలం 145 నుంచి 150 రోజులు. జులై మొదట్లో నారు పోస్తే నవంబరు చివర కోత, మినుముకు మంచి అదను. కాలువ నీళ్లు ఆలస్యమై ఆగస్టులో నారు పోస్తే కోత జనవరికి పోతుంది. అప్పటికి నేలలో పదును ఉండదు, పూత దశకు ఎండ ముదురుతుంది. మొక్కజొన్నకు నీళ్లు పెట్టి బతికించుకోవచ్చు, మాగాణి మినుముకు ఆ వీలు తక్కువ. కాబట్టి ప్రకాశం బ్యారేజీ దగ్గర గేటు ఏ వారంలో ఎత్తారన్నదే రబీలో యూరియా ఎంత కావాలో సగం తేల్చేస్తుంది. 2015 నుంచి పట్టిసీమ ద్వారా గోదావరి నీళ్లు వస్తున్నాయి కనుక ముందుగా ఇవ్వడం సాధ్యమే. సాగునీటి శాఖ తేదీలు వ్యవసాయ శాఖ లక్ష్యాలతో కలిసి నడవాలి, అంతే.

ఉండవల్లి గట్టు

మంచి చర్చే కానీ మొక్కజొన్నను దోషిని చేస్తున్నారు. దేశం ముడిచమురులో అత్యధిక భాగం దిగుమతి చేసుకుంటోంది. 2025 నాటికి పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలపగలిగాం, అందులో ఇప్పుడు పెద్ద వాటా మొక్కజొన్నదే. అదీ భద్రతే కదా?

అంకెలు వేద్దాం. ఎకరాకు 35 క్వింటాళ్లు. టన్నుకు 380 లీటర్ల చొప్పున 1,330 లీటర్ల ఇథనాల్. లీటరు ఇథనాల్లో శక్తి పెట్రోలులో మూడింట రెండొంతులు కాబట్టి దాదాపు 880 లీటర్ల పెట్రోలుకు సమానం. ఇటు ఆరు బస్తాల యూరియాకు గోదాము గారి లెక్కన 120 కిలోల ఎల్‌ఎన్‌జీ, అది సుమారు 180 లీటర్ల పెట్రోలు శక్తి. డిస్టిలరీ ఆవిరికి బొగ్గు వేరే, డీజిల్ ఇంజన్ వేరే. అవన్నీ తీసేసినా ఇంధనం లెక్కలో మిగులే. "ఇథనాల్ వల్ల దిగుమతి పెరిగింది" అని కొందరు అనే మాట నిలవదు.

డెల్టా చివరాయకట్టు

మీ లెక్క సరైనదే, దాంతో పేచీ లేదు. రెండు విషయాలు చూడండి. మన డెల్టా మొక్కజొన్నలో చాలా భాగం కోళ్ల దాణాకు పోతుంది, దానికి ఈ ఇంధన మిగులు వర్తించదు. ఇథనాల్ గిరాకీ ధరను నిలబెడితే దాణాకు వేసేవాళ్లు కూడా పెరుగుతారు. రెండోది, 880 లీటర్ల పెట్రోలు ఓ పది రోజులు ఆలస్యమైతే విశాఖ గుహల నుంచి తీస్తారు. యూరియా పది రోజులు ఆలస్యమైతే ఆ దఫా పోయినట్టే. రెండు ఆధారాల బరువు ఒకటి కాదు.

మొక్కజొన్న మానేయమని నేననను. కాలువ చివర నీళ్లందని, నవంబరులోపు కోతకొచ్చే చేలల్లో మినుముకు సమాన అవకాశం ఇవ్వమంటున్నా. మెట్టలో, నీటి వసతి ఉన్న చోట మొక్కజొన్న వేసుకోనివ్వండి.

పెనమలూరు బ్రో

ఇంకో డౌటు. యూరియా దొరకనప్పుడు అమ్మోనియం నైట్రేట్ లాంటివి ఎందుకు వాడకూడదు? ఆకు మీద చల్లే నానో యూరియా సీసా సంగతేంటి? బస్తాకు ఒక సీసా సమానమంటున్నారు కదా.

గోదాము లెక్కలు

అమ్మోనియం నైట్రేట్‌కి కూడా ముడిసరుకు అమ్మోనియానే, అంటే అదే గ్యాసు, ఆదా ఏమీ లేదు. పైగా 45 శాతం మించి అమ్మోనియం నైట్రేట్ ఉన్న మిశ్రమం సాధారణంగా పేలుడు పదార్థం కిందికే వస్తుంది. 2012 నిబంధనల ప్రకారం లైసెన్సు, గోదాము దూరాలు, రిజిస్టర్లు తప్పవు. 2020 ఆగస్టులో బీరూట్ రేవులో 2,750 టన్నులు పేలాక 2021లో వాటిని ఇంకా బిగించారు. ఊరి సొసైటీ గోదాములో పెట్టే సరుకు కాదది.

లాం రోడ్డు

దానికి తోడు నైట్రేట్ రూపం నిలవ నీటి వరికి పనికిరాదు. గాలాడని బురదలో వాయువుగా మారి పోతుంది, కొంత కిందికి దిగి బావి నీళ్లలో చేరుతుంది. తాగే నీటిలో నైట్రేటు పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు.

నానో గురించి: మొదట వచ్చిన, 4 శాతం నత్రజని ఉన్న 500 మి.లీ. సీసాలో మొత్తం 20 గ్రాములు. బస్తాలో 20.7 కిలోలు. వెయ్యి రెట్ల తేడా. ఆకు మీద చల్లితే వృథా తక్కువ అన్నమాట నిజమే, కానీ బస్తాలో 70 శాతం వృథా అయిందనుకున్నా మొక్కకు ఆరు కిలోలకు పైగా అందుతుంది. 20 గ్రాములు దాన్ని ఎలా భర్తీ చేస్తాయో కూడికలు వచ్చినవాళ్లెవరైనా చెప్పాలి. పంట బాగున్నప్పుడు అదనపు స్ప్రేగా కొట్టుకుంటే అది మీ ఇష్టం. బస్తాకు బదులు మాత్రం కాదు.

ఉన్న బస్తానే వృథా కాకుండా వేయడం తక్షణం చేయగలిగిన పని. వరిలో పైపాటు వేసేముందు నీళ్లు తీసేయాలి, వేశాక 36 నుంచి 48 గంటలకు మళ్లీ పెట్టాలి. 50 కిలోల యూరియాకు 250 కిలోల తేమ మట్టి గానీ 10 కిలోల వేప పిండి గానీ కలిపి, రెండు రోజులు నిల్వ ఉంచి చల్లితే మొక్కకు మెల్లగా అందుతుంది. అమ్మే యూరియాకు వేపనూనె పూత 2015 నుంచి తప్పనిసరి చేశారు, అయినా నిలవ నీళ్లలో చల్లితే నష్టం తప్పదు. ఆకు రంగుల పట్టీ ఖరీదు తక్కువే. నాటిన 14 రోజుల నుంచి పూత దాకా, వారం పది రోజులకోసారి ఉదయం పూట, మన నీడ ఆకు మీద పడేలా నిలబడి, పైన పూర్తిగా విచ్చుకున్న ఆకును పట్టీ మీద పెట్టాలి. పది దుబ్బుల్లో ఆరు లేతగా కనిపిస్తేనే ఎరువు. పచ్చగా ఉన్న చేనికి "ఇంకో అర బస్తా" వేశారంటే దోమపోటును, అగ్గి తెగులును, పాముపొడను పిలిచి కూర్చోబెట్టినట్టే. ఆ యూరియా డబ్బుకు మందు డబ్బు తోడవుతుంది.

మిర్చి ఘాటు

అందరూ యూరియా చుట్టే తిరుగుతున్నారు, గుంటూరు మిర్చిలో అసలు రోగం డీఏపీ, అంటే నత్రజనితో పాటు భాస్వరం ఎక్కువగా ఉండే ఎరువు. నీటి వసతి కింద మిర్చికి ఎకరాకు నత్రజని, భాస్వరం, పొటాష్ 120-24-48 కిలోలు సిఫార్సు. భాస్వరం 24 కిలోలు మాత్రమే. ఒక్క డీఏపీ బస్తాలోనే 23 కిలోలుంది! అంటే సీజను మొత్తానికి ఒక బస్తా. మూడు నాలుగు వేసే చేలు ఎన్నో. నల్లరేగడిలో మిగిలింది సున్నంతో బిగుసుకుపోయి నేలలోనే ఉంటుంది, జింకును మొక్కకు అందనివ్వదు. ఆ తర్వాత ఆకు పాలిపోయిందని జింకు కొనడం. పోనీ జింక్ సల్ఫేటునైనా విడిగా వేస్తారా అంటే డీఏపీతో కలిపి వేస్తారు, రెండూ దండగ.

డీఏపీ దొరకలేదని ధర్నా చేసేముందు: మూడు బస్తాల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 20 కిలోల యూరియా వేస్తే ఒక డీఏపీ బస్తాకు సమానం. భాస్వరం 24 కిలోలు, నత్రజని 9 కిలోలు, పైగా 16 కిలోల గంధకం వస్తుంది. మిర్చికి, నువ్వుకు, వేరుశనగకు ఆ గంధకం పనికొస్తుంది. ఒకటే జాగ్రత్త, సూపర్, యూరియా కలిపి నిల్వ పెడితే జావ అవుతుంది. కలిపిన వెంటనే వేసేయాలి. సూపర్‌లో నాసిరకం కూడా తిరుగుతుంది, బిల్లు, బ్యాచ్ నంబరు ఉంచుకోండి.

భూసార పరీక్షలో హెక్టారుకు 25 కిలోలకు మించి భాస్వరం చూపిస్తే డీఏపీ సగానికి తగ్గించి, భాస్వరాన్ని కరిగించే జీవన ఎరువు వేసుకోవచ్చు. సూపర్‌కి కావాల్సిన రాయి కూడా జోర్డాన్, మొరాకో, ఈజిప్టులదే ఎక్కువ. కాబట్టి ఇది స్వావలంబన అని నేననను, వృథా తగ్గడం మాత్రమే.

పచ్చిరొట్ట

ఇన్ని లెక్కలు వేస్తున్నారు, గుంటూరులోనే ఆఫీసు ఉన్న రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి సేద్యం చేయిస్తోంది కదా, దాని ఊసే లేదేం? ద్రవ జీవామృతం ఎకరాకు 200 లీటర్లు: పది కిలోల పేడ, గోమూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి, 48 గంటలు. బయటి నుంచి ఏ ఓడా రానక్కర్లేదు.

లాం రోడ్డు

పచ్చిరొట్ట గారూ, మీ పేరులో ఉన్నదాన్నే నేను సమర్థిస్తా, జీవామృతాన్ని కాదు. పది కిలోల పేడలో నత్రజని 50 గ్రాములు దాటదు. అది సూక్ష్మజీవులకు తోడు లాంటిది, ఎరువు అనుకుంటే పొరపాటు. మొక్కజొన్నకు కావాల్సిన 80 కిలోలు దాంతో రావు. ఎకరాకు 10 నుంచి 12 కిలోల జీలుగ చల్లి, 45 రోజులకు పూతకు ముందు కలియదున్నితే మాత్రం ఒక బస్తా యూరియాకు సరిపడా నత్రజని నిజంగా చేలోనే పుడుతుంది. జనుము, పిల్లిపెసర కూడా అంతే. నవధాన్య సాగులో పని చేసే భాగం కూడా అందులోని పప్పు జాతులే.

శ్రీలంక 2021లో ఒక్క ఉత్తర్వుతో రసాయన ఎరువుల దిగుమతి ఆపేసి, అదే ఏడాది నవంబరులో వెనక్కి తీసుకుంది. అది ప్రకృతి సేద్యం ఓటమి అనను, తొందరపాటు ఓటమి. పచ్చిరొట్టకు కావాల్సింది మే, జూన్‌లో ఒక తడి. మళ్లీ కాలువ తేదీ దగ్గరికే వచ్చాం, చూశారా.

డెల్టా చివరాయకట్టు

ఇప్పుడు డబ్బు. మద్దతు ధరలు 2025-26కి మినుము క్వింటాలు 7,800, మొక్కజొన్న 2,400. ఆరు క్వింటాళ్ల మినుముకు 46,800. 35 క్వింటాళ్ల మొక్కజొన్నకు 84,000, కాకపోతే మొక్కజొన్నకు విత్తనం, ఎరువు, తడులు, కూలి అన్నీ ఎక్కువ. మార్కెట్లో మద్దతు ధర దక్కని ఏడు కూడా ఉంటుంది. ఖర్చులు పోను తేడా తగ్గుతుంది, అయినా మొక్కజొన్నే పైన.

కానీ ఆ పైచేయిలో ప్రభుత్వం వాటా ఎంత? దిగుమతి యూరియా టన్ను 400 డాలర్లు, డాలరు 85 రూపాయలు అనుకోండి. బస్తా 1,530 రూపాయలు. రైతు కట్టేది 266 చిల్లర. రవాణా, బస్తా ఖర్చు వదిలేసినా బస్తాకు 1,260 సబ్సిడీ. ఆరు బస్తాలకు ఎకరాకు 7,500 పైన. మినుము వేసినవాడికి ఈ పద్దు కింద దక్కేది సున్నా. 2025-26 కేంద్ర బడ్జెట్లో ఎరువుల సబ్సిడీ దాదాపు 1.68 లక్షల కోట్లు, అందులో సింహభాగం యూరియాదే. యూరియా వాడనివాడికి శిక్ష వేసే పద్ధతి ఇది. ఎకరాకు 5,000 మినుము రైతుకు నేరుగా ఇచ్చినా ఖజానాకు మిగులే.

గోదాము లెక్కలు

దారి ఒకటుంది, 2023లో మూడేళ్ల కోసం ఆమోదించిన కేంద్ర పథకం పీఎం ప్రణామ్. రాష్ట్రం ఎరువుల వాడకాన్ని గత మూడేళ్ల సగటు కంటే తగ్గిస్తే, మిగిలిన సబ్సిడీలో సగం రాష్ట్రానికి తిరిగి ఇస్తారు. తిరకాసు ఎక్కడంటే కొలిచేది రాష్ట్రం మొత్తాన్ని, యూరియాతో పాటు డీఏపీ, పొటాష్, కాంప్లెక్సులను (మిశ్రమ ఎరువులను) కూడా. డెల్టాలో లక్ష ఎకరాలు మినుముకు మారి 25 వేల టన్నులు మిగిలినా, మరో ప్రాంతంలో అంతే పెరిగితే చేతికొచ్చేది లేదు. కొలత జిల్లా స్థాయికి దిగాలి. ఎరువు అమ్మేటప్పుడు డీలరు వాడే ఈ-పాస్ మిషన్లలో జిల్లా, మండలం, డీలరు వారీగా అమ్మకాలు ఎలాగూ నమోదవుతున్నాయి, అసలు ఆ మిషన్లు 2016లో ప్రయోగాత్మకంగా మొదలైన జిల్లాల్లో కృష్ణా ఒకటి. డేటా లేదన్న సాకు చెల్లదు.

కౌలు కాగితం

ఎకరాకు ఇంత అని నగదు ఇచ్చే పథకం ఏదైనా, ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పి మాట్లాడండి: ఎవరి ఖాతాలో?

డెల్టాలో సాగు చేసేది ఎక్కువగా కౌలుదారులే. ఇప్పటి యూరియా సబ్సిడీలో ఒక గుణం ఉంది, మిషన్ ఆధార్ అడుగుతుంది గానీ పాస్‌బుక్ అడగదు. వేలిముద్ర వేసినవాడికి బస్తా దొరుకుతుంది. దాన్ని తీసి నగదు చేస్తే డబ్బు విజయవాడలోనో హైదరాబాదులోనో ఉన్న భూయజమానికి పోతుంది. 2019 సాగుదారు హక్కుల చట్టం కింద 11 నెలల కార్డు ఉంది కానీ దానికి యజమాని సంతకం కావాలి, సంతకం పెడితే భూమి పోతుందన్న భయం ఇంకా పోలేదు.

పనికొచ్చేది ఈ-పంట నమోదు. చేలో నిలబడి, ఫొటో తీసి, ఏ పంటో, సాగుదారు ఎవరో రాస్తారు. మినుము డబ్బు దానికే ముడిపెట్టాలి, జాబితాను ఊళ్లో అతికించాలి. ఇంకోటి. మొక్కజొన్న పండే చేలకు కౌలు కూడా మొక్కజొన్న లెక్కనే కడుతున్నారు. కౌలు మాట్లాడుకునేది వేసవిలో. మినుము ప్రోత్సాహం నవంబరులో ప్రకటిస్తే, మొక్కజొన్న ధరకు కౌలు ఒప్పుకున్నవాడు మినుము వేయలేడు. ఏప్రిల్‌లోపు చెప్పాలి.

ఉండవల్లి గట్టు

కొనుగోలు మాటేమిటి? మద్దతు ధర కాగితం మీద ఉండి కల్లంలో లేకపోతే ఈ కథంతా వృథా. 2025 బడ్జెట్లో కంది, మినుము, మసూరు పప్పులకు నాలుగేళ్ల పాటు రిజిస్టరైన రైతు ఎంత తెస్తే అంత కేంద్రం తరఫున కొనే సహకార సంస్థలు నాఫెడ్, ఎన్‌సీసీఎఫ్ కొంటాయన్నారు. మంచి మాటే. కానీ అదే చేత్తో మయన్మార్ మినుముకు సుంకం లేకుండా తలుపు తెరిచి ఉంచారు. ఫిబ్రవరి, మార్చిలో మన సరుకు యార్డుకొచ్చే వేళకే ఓడ కూడా చెన్నై చేరితే ధర ఎవరు నిలబెడతారు? కనీసం ఆ రెండు మూడు నెలలైనా సుంకం వేయాలి.

డెల్టా చివరాయకట్టు

ఇందులో మీతో నూరు పాళ్లు ఏకీభవిస్తా.

పెనమలూరు బ్రో

సరే, ఎవరైనా ఈ రబీకే మినుముకి మారాలనుకుంటే ఏం చేయాలి? మిషన్ కోత చేలో ఎలా?

లాం రోడ్డు

మిషన్ కోత అనుకుంటే ముందు చల్లకండి. కోతకు పది పన్నెండు రోజుల ముందు నీళ్లు తీసేయండి, గాళ్లు తగ్గుతాయి. కోసిన మర్నాడే గడ్డి వరసలను బేలరుతో ఎత్తించండి లేదా పలచగా పరచండి. ట్రాక్టరు వెనక దున్నకుండా విత్తే గొర్రు దొరికితే దానితో విత్తుకోండి. అడుగేస్తే అచ్చు పడాలి, ఆ అచ్చులో నీళ్లు ఊరకూడదు, అదీ పదును. చేతికోతే అయితే పాత పద్ధతిలో కోతకు రెండు మూడు రోజుల ముందు ఎకరాకు 16 నుంచి 18 కిలోలు చల్లుకోవచ్చు.

రకం పల్లాకును తట్టుకునేదే ఉండాలి: ఎల్‌బీజీ 787, టీబీజీ 104. ఇంట్లో పాత 752 ఉందని అదే వేయకండి. విత్తనాన్ని జల్లెడ పట్టి బంగారు తీగ గింజ తీసేయండి. కిలో విత్తనానికి 5 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్‌ఎస్ పట్టిస్తే మొదటి రెండు మూడు వారాలు తెల్లదోమ, తామర పురుగు బాధ తగ్గుతుంది. 20 నుంచి 25 రోజుల మధ్య, నేలలో తేమ ఉండగా ఇమాజితాపిర్ ఎకరాకు 200 మి.లీ. కొడితే కలుపుతో పాటు బంగారు తీగ కూడా అదుపులోకి వస్తుంది. ఆలస్యమైతే తీగ మొక్కకు చుట్టుకుంటుంది, అప్పుడు ఆ మడి వరకు పీకి తగలబెట్టడమే. పల్లాకు మొక్క కనబడిన రోజే పీకాలి, ఎకరాకు 20 పసుపు జిగురు అట్టలు పెట్టాలి. పూత ముందు ఒకసారి, పిందె దశలో ఒకసారి లీటరుకు 20 గ్రాముల యూరియా. రెండు స్ప్రేలకు 200 లీటర్ల చొప్పున ఎనిమిది కిలోలు. ఆరు బస్తాల చోట అర బస్తా కూడా కాదు.

అమ్మేటప్పుడు తేమ 12 శాతానికి మించకూడదు, లేదంటే కొనుగోలు కేంద్రంలో వెనక్కి పంపుతారు.

కౌలు కాగితం

ఈ రకాల విత్తనం అందరికీ దొరుకుతుందా? ప్రచారం చేసి విత్తనం లేదంటే మళ్లీ సంతలో కొన్న 752 గింజే చేలో పడుతుంది.

లాం రోడ్డు

అసలు ఇరుకు అక్కడే ఉంది. పదివేల ఎకరాలకు 16 కిలోల చొప్పున 1,600 క్వింటాళ్లు. ఎకరాకు ఆరు క్వింటాళ్లు వచ్చినా శుద్ధి చేశాక అయిదే మిగులుతాయనుకుంటే 320 ఎకరాల విత్తన క్షేత్రం కావాలి, అదీ ఒక సీజను ముందే. వచ్చే రబీకి లక్ష ఎకరాలు అనుకుంటే ఈ రబీలోనే 3,200 ఎకరాలు విత్తనానికి కట్టాలి, మొలక 75 శాతానికి తగ్గకుండా పరీక్షించాలి. మీ రైతు సేవా కేంద్రంలో ఇండెంట్ ఎప్పుడు పెడతారో ఇప్పుడే కనుక్కోండి. సెప్టెంబరు దాటాక అడిగితే వాళ్ల చేతిలో ఉన్నదే ఇస్తారు.